చిక్కుడు పాదు కుక్కకు చేటా?

భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్ళినా, దుమ్ముగూడెం వైపు వెళ్ళినా, అడవి అంచున ఉన్న ఏ పల్లెలోనైనా రెండు సంగతులు కనిపిస్తాయి. ప్రతి ఇంటి పెరట్లో ఒక చిక్కుడు పందిరి ఉంటుంది. ఆ పందిరి నీడలో ఒక కుక్క పడుకుని ఉంటుంది. పందిరి ఇంటికి కూర ఇస్తుంది. కుక్క రాత్రిళ్ళు ఇంటికి, పంటరోజుల్లో పోడు చేనుకు కాపలా కాస్తుంది. రెండూ ఆ ఇంటికి కావలసినవే.

ఈ రెండింటి మధ్య ఒక తగువు వచ్చిందనుకోండి. "చిక్కుడు గింజలో విషం ఉందట, కుక్క తింటే చస్తుందట, పాదు పీకెయ్యాలి" అని ఒకరంటారు. "మనం రోజూ తినే చిక్కుడు కుక్కను ఏం చేస్తుంది? అది ఏది తిన్నా అరిగించుకుంటుంది" అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఎవరి మాట నిజం?

నా అభిప్రాయంలో ఇద్దరి మాటా పొరపాటే. అసలు తప్పు వారి జవాబుల్లో కాదు, ప్రశ్నలోనే ఉంది. "ఈ మొక్క మంచిదా, చెడ్డదా?" అని అడిగితే విజ్ఞానశాస్త్రం జవాబు చెప్పలేదు. ఏ మొక్క? అందులో ఏ భాగం? పచ్చిదా, ఉడికిందా? ఎంత తిన్నది? తిన్నది ఎవరు? ఈ ఐదు ప్రశ్నలూ వేస్తే జవాబు దానంతటదే వస్తుంది. ఒక్కొక్కటే చూద్దాం.

ఏ చిక్కుడు?

మన భాషలో చిక్కుడు అనే పేరు చాలా మొక్కలకు ఉంది. పందిరి చిక్కుడు ఒకటి. గోరుచిక్కుడు వేరు. ఫ్రెంచి చిక్కుడు వేరు. రాజ్మా గింజలు దాని జాతివే, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. సోయా చిక్కుడు ఇంకొకటి. పెద్ద కత్తిలాంటి కాయలు కాసే తమ్మకాయ మరొకటి. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవైనా వీటిలోని పదార్థాలు ఒకటి కావు.

ఇంగ్లీషులో గందరగోళం ఇంకా ఎక్కువ. మన ఆముదం గింజను వాళ్ళు 'కాస్టర్ బీన్' అంటారు. బీన్ అంటే చిక్కుడు అని బడిలో నేర్చుకున్న విద్యార్థి "తోటలో పెరిగే బీన్ తిని కుక్క చచ్చింది" అని ఎక్కడైనా చదివితే పెరట్లోని చిక్కుడు పందిరి వైపే అనుమానంగా చూస్తాడు. నిజానికి ఆముదం చిక్కుడు కుటుంబానికి చెందినదే కాదు. పేరు ఒకటి, మొక్క ఒకటి. అందుకే వృక్షశాస్త్రజ్ఞులు ప్రతి మొక్కకూ ఒక శాస్త్రీయ నామం పెట్టుకున్నారు. పందిరి చిక్కుడు శాస్త్రీయ నామం 'లాబ్‌లాబ్ పర్‌ప్యూరియస్'. ఆముదం పేరు 'రిసినస్ కమ్యూనిస్'. ఈ పేర్లు పరీక్షల కోసం బట్టీ పట్టవలసినవి మాత్రమే అనుకోకండి. ఒక్కోసారి ఒక ప్రాణం నిలబడడం సరైన పేరు తెలియడం మీదే ఆధారపడుతుంది.

గింజలో దాగిన ఆయుధం

మొక్క పరుగెత్తలేదు, కరవలేదు. తన గింజలను పురుగులనుంచి, పశువులనుంచి కాపాడుకోవడానికి రసాయనాలను తయారు చేసుకుంటుంది. పందిరి చిక్కుడు ఎండుగింజల్లో చక్కెరతో కలిసి ఉన్న ఒక రకం పదార్థం ఉంటుంది. అది ఉన్నచోట ఉన్నంతవరకు హాని లేదు. దానిని విడగొట్టే ఎంజైము కూడా ఆ గింజలోనే ఉంటుంది గాని వేరే అరలో ఉంటుంది. పచ్చి గింజను నమిలినప్పుడు అరలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు హైడ్రోసయానిక్ ఆమ్లం పుడుతుంది. అది శరీరంలోని కణాలు ప్రాణవాయువును వాడుకోకుండా అడ్డుపడుతుంది.

ఇదేదో కొత్త సంగతి అనుకోకండి. నీటి ఎద్దడికి గిడసబారిన లేత జొన్న మేసి పశువులు పడిపోవడం మన రైతులకు బాగా తెలుసు. "నాము తిన్నది" అంటారు. ఆ నాములో ఉన్నదీ ఇదే ఆమ్లం. అదే జొన్న ముదిరి ఎండితే చక్కని చొప్ప. మన సగ్గుబియ్యానికి మూలమైన కర్రపెండలం దుంపలోనూ ఇలాంటి పదార్థమే ఉంది. మరి జొన్న విషపు మొక్కా? కర్రపెండలం విషపు మొక్కా? కాదు గదా! ఏ దశలో, ఏ రూపంలో తిన్నారన్నదే ప్రశ్న.

హైడ్రోసయానిక్ ఆమ్లం సుమారు 26 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే మరుగుతుంది. కాబట్టి గింజలను నానబెట్టి, ఆ నీరు పారబోసి, మూత తీసి బాగా ఉడికిస్తే చాలావరకు నీటితోనూ ఆవిరితోనూ పోతుంది.

చిక్కుళ్ళలో రెండో ఆయుధం కూడా ఉంది. అది లెక్టిన్ అనే మాంసకృత్తు. పేగు లోపలి పొరకు అంటుకుని వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. ఎర్ర రాజ్మా గింజల్లో ఇది మరీ ఎక్కువ. 1976లో ఇంగ్లండులో సెలవుల విహారానికి వెళ్ళిన కొందరు పాఠశాల బాలురు రాజ్మా గింజలు నానబెట్టి, ఉడికించకుండానే తిన్నారు. కొద్ది గంటల్లోనే వాంతులతో పడకవేశారు. అదృష్టవశాత్తు త్వరగానే కోలుకున్నారు. నాలుగైదు పచ్చి గింజలు చాలు మనిషికి ఈ బాధ తెప్పించడానికి. గింజలను ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో తెర్లేలా కనీసం పది నిమిషాలు మరిగిస్తే ఈ లెక్టిన్ చెడిపోతుంది. అయితే సన్నసెగ మీద, 80 డిగ్రీలకు లోపుగా ఎంతసేపు ఉంచినా అది చావదు. గోరువెచ్చని వంట పచ్చి తిండికన్నా మేలేమీ కాదు.

మరి పందిరి చిక్కుడు ఆకు, తీగ సంగతి? వాటిని పశువులకు మేతగా వేస్తారు. పందిరి కింద పడుకున్న కుక్క రెండు ఆకులు కొరికినంత మాత్రాన కంగారు పడనవసరం లేదు. లేత కాయ ఒకటి రెండు నమిలినా పెద్ద ప్రమాదం ఉండదు. జాగ్రత్త పడవలసింది ఎండిన పచ్చి గింజల విషయంలో. విత్తనాలకని చేటలో ఆరబోసిన గింజలు, నానబెట్టిన గిన్నె కుక్కకు అందేచోట ఉంచకూడదు.

వంట కూడా విజ్ఞానమే

భద్రాచలం మన్యంలో ఈ పాఠం చెప్పడానికి పుస్తకాలు అక్కరలేదు. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లు అడవిలో తవ్వి తెచ్చిన చేదు దుంపలను ముక్కలుగా కోసి, ఉడికించి, పారే వాగునీటిలో ఉంచి, చేదు విరిగిన తరువాతనే తింటారు. మామిడి జీడిని కూడా నానబెట్టి, దంచి, అంబలి కాచుకోవడం అక్కడి వారికి తెలుసు. జర్మన్ భాషా దేశం నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఈ కొండరెడ్ల మధ్య ఉండి, వారి జీవితం మీద 1945లో ఒక గ్రంథమే ప్రచురించాడు. కోయల కొత్త పండుగల్లో చిక్కుడుకు కూడా ఒక చోటుంది. కొత్త కాయ ముందు దేవతకు పెట్టి, ఆ తరువాతనే ఇంట్లో వండుకుంటారు. అంత గౌరవం పొందిన కూరగాయను ఒక పుకారు విని పీకివేయడం తెలివైన పనేనా?

"అడవి మనుషులు ఏది పడితే అది తింటారు" అని పట్నంలో కొందరు అనుకుంటారు. ఇది శుద్ధ తప్పు. ఏది తినకూడదో, ఏది ఎలా తినాలో తెలియకపోతే అడవిలో ఒక తరం కూడా బతకలేరు. నానబెట్టడం, కడగడం, ఉడికించడం, నీరు పారబోయడం: ప్రయోగశాలలో రసాయనశాస్త్రజ్ఞుడు చేసే పనులు కూడా ఇవే కదా!

అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఈ జ్ఞానం మనిషిది. కుక్కకు పొయ్యి లేదు. తనకు దొరికింది దొరికినట్టు మింగుతుంది. కాబట్టి మన జ్ఞానంతో దానిని కూడా కాపాడవలసిన బాధ్యత మనదే.

తిన్నది ఎవరు?

మనం తిన్నది కుక్కకు కూడా పనికివస్తుందని చాలామంది నమ్మకం. ఇందులో సగం నిజం ఉంది. కుక్క తోడేలు వంశం నుంచి వచ్చినా వేల సంవత్సరాలుగా మనిషి పెట్టిన కూడు తిని పెరిగింది. పిండిపదార్థాలను జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు నకళ్ళు తోడేలులో కంటే కుక్కలో చాలా ఎక్కువ అని 2013లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మన అన్నం, గటక తిని అది బతకగలగడానికి కారణం అదే.

కాని మిగతా సగం నిజం కాదు. ఉల్లిపాయ మనకు రుచి. కుక్క రక్తంలోని ఎర్రకణాలను అది పగలగొడుతుంది. కిలో శరీర బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తింటే కుక్క రక్తంలో మార్పులు కనిపిస్తాయి. ద్రాక్షపండ్లు కొన్ని కుక్కల మూత్రపిండాలను చెడగొడతాయి. చాకొలెట్టు కూడా దానికి పడదు. కాబట్టి ఉడికించిన చిక్కుడుకాయ ముక్కలు కొంచెం పెట్టవచ్చు గాని, ఉల్లి, వెల్లుల్లి, కారం, ఉప్పు దట్టించిన చిక్కుడుకాయ కూర పెట్టకూడదు. అక్కడ తప్పు చిక్కుడుది కాదు, తాలింపుది.

బరువు సంగతి కూడా చూడండి. మన ఊరి కుక్క పది, పన్నెండు కిలోలుంటుంది. యాభై కిలోల మనిషికి కడుపునొప్పితో పోయే మోతాదు పది కిలోల కుక్కకు ప్రాణాంతకం కావచ్చు. కుక్కపిల్లకైతే ఇంకా తక్కువ చాలు.

అసలు దొంగలు కంచె పక్కన

చిక్కుడును అనుమానించి కూర్చుంటే అసలు దొంగలు తప్పించుకుపోతారు. వారెవరో చూద్దాం.

మొదటిది ఆముదం. గట్ల మీద, కంచెల వెంట, దిబ్బల మీద దానంతటదే మొలిచే మొక్క. దాని గింజలో రిసిన్ అనే మాంసకృత్తు ఉంది. 1888లో హెర్మన్ స్టిల్‌మార్క్ అనే విద్యార్థి తన పరిశోధనలో దీనిని వేరుచేసి పేరు పెట్టాడు. కణంలో మాంసకృత్తులు తయారుచేసే చిన్న కర్మాగారాలు ఉంటాయని, వాటి పేరు రైబోసోములని మీరు చదువుకుని ఉంటారు. రిసిన్ వాటిని ఒకటొకటిగా పనికిరాకుండా చేస్తుంది. దాని కీలకం ఎక్కడుందో 1987లో జపాను శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆముదపు నూనెలోకి రిసిన్ రాదు. నూనె తీయగా మిగిలిన పిండిలో ఉండిపోతుంది. ఆ పిండిని వేడితో శుద్ధి చేయకపోతే విషం అలాగే ఉంటుంది. చెట్లకు ఎరువుగా వేసిన ఆ పిండిలో ఎముకల పొడి కూడా కలిస్తే, వాసనకు కుక్క వచ్చి తవ్వి తింటుంది. అమెరికాలో ఆముదపు గింజలు తిన్న 98 కుక్కల వివరాలను 2000 సంవత్సరంలో ప్రచురించారు. ఎక్కువగా కనిపించినవి వాంతులు, నీరసం, విరేచనాలు. నూటికి తొమ్మిది కుక్కలు దక్కలేదు.

రెండవది గురివింద. ఎర్రని ఒంటి మీద నల్లని మచ్చ. "గురివింద తన కింద నలుపు ఎరగదు" అని సామెత చెప్పుకుంటాం గాని, దాని లోపలి విషం మనమూ ఎరగం. అది చిక్కుడు కుటుంబానిదే. కంసాలులు తూకానికి వాడిన ఈ గింజ గట్టి తొక్కతో ఉన్నంతవరకు కడుపులోంచి అలాగే బయటికి పోవచ్చు. పూసల కోసం తూటు పొడిచినా, పంటి కింద నలిగినా అబ్రిన్ అనే విషం బయటపడుతుంది. ఇది కుక్కలకే కాదు, పిల్లలకూ ముప్పే.

మూడవది దూలగొండి. అడవి అంచు పొదల్లో అల్లుకునే తీగ. కాయ మీది నూగు ఒంటికి తగిలితే భరించలేని దురద. కుక్క మూతి నేలకు రాసుకుంటూ అరుస్తుంటే ఒకసారి ఈ తీగను గుర్తు చేసుకోండి.

నాలుగవది మొక్కే కాదు. చిక్కుడుకు పేనుబంక పడితే కొట్టే పురుగుమందు, ఎలుకలకు పెట్టిన ఎర. మందు కొట్టిన పాదు కింద పడిన ఆకు తిని కుక్క పడిపోతే జనం "చిక్కుడు తిని పోయింది" అంటారు. నేరం ఒకరిది, నింద మరొకరికి. పురుగుమందు డబ్బా మూత సరిగా పెట్టారా లేదా అని చూడడం పాదు పీకడం కంటే ఎన్నో రెట్లు ముఖ్యం.

ఒక విచిత్రం కూడా చెప్పుకోవాలి. కుక్కను చంపగల ఆముదపు మొక్క ఆకులనే దాసరి పురుగు కడుపునిండా తింటుంది. ఎరి పట్టుపురుగును ఆ ఆకుల మీదనే పెంచుతారు. కాబట్టి "విషం" అన్న మాట ఒంటరిగా అర్థం లేనిది. ఎవరికి విషం అని ఎప్పుడూ అడగాలి.

"మా కుక్క తిన్నది, ఏమీ కాలేదు"

ఇది మీరు తప్పక వినే మాట. ఇది రుజువు కాదు. కుక్క నమలకుండా మింగితే గట్టి తొక్క ఉన్న గింజ చెక్కుచెదరకుండా బయటికి పోవచ్చు. తిన్న వెంటనే వాంతి చేసుకుని ఉండవచ్చు. ఒక కుక్క బతికిందని రెండో కుక్క బతుకుతుందని చెప్పలేం. అలాగే చిక్కుడు తిన్న మరునాడు ఒక కుక్క చనిపోతే చిక్కుడే చంపిందనీ చెప్పలేం. మధ్యలో అది ఇంకేమి తిన్నదో ఎవరు చూశారు?

"అయితే పెట్టి చూద్దాం" అని మాత్రం ఎవరూ అనకండి. మనల్ని నమ్మి తోక ఆడించే ప్రాణి మీద కుతూహలం తీర్చుకోవడం ప్రయోగం కాదు, క్రౌర్యం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా దీనిని ఒప్పుకోదు.

కుక్కకు జబ్బు చేస్తే

కుక్క ఆగకుండా వాంతులు చేసుకున్నా, ఎగశ్వాస పెట్టినా, తూలుతున్నా వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి. అది తిన్న మొక్క కొమ్మో, గింజో, మందు డబ్బా మీది పేరో కూడా తీసుకువెళ్ళండి. డాక్టరుకు సగం పని తగ్గుతుంది. ఉప్పునీళ్ళు, నూనె పోయవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ప్రమాదం తెస్తాయి.

ఇంకొక మాట, దీన్ని మరచిపోవద్దు. చొంగ కార్చడం, తూలడం, మింగలేకపోవడం పిచ్చికుక్క వ్యాధిలో కూడా కనిపిస్తాయి. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో వేళ్ళు పెట్టారా, ప్రమాదం కుక్కను దాటి మీకు వస్తుంది. కరిచినా, చొంగ గాయానికి తగిలినా సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. ఈ వ్యాధి లక్షణాలు మనిషిలో బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

మీరు చేయదగిన పని

ఈ సెలవుల్లో మీ పెరటి పటం ఒకటి గీయండి. ఏ మూల ఏ మొక్క ఉందో గుర్తులు పెట్టండి. ప్రతి మొక్కకూ మీ ఇంట్లో పిలిచే పేరు, వీలైతే శాస్త్రీయ నామం రాయండి. ఏ భాగం తింటాం, ఎలా వండుతాం, పశువులు ఏది ముట్టవు అని అమ్మమ్మను, తాతయ్యను అడిగి పక్కన రాసుకోండి. ఆముదం, గురివింద ఉన్నచోట ఎర్ర చుక్క పెట్టండి. కుక్కపిల్ల, చంటిపిల్లలు తిరిగేచోటికి అవి దగ్గరగా ఉంటే పెద్దవాళ్ళతో చెప్పి తీయించండి. పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయో కూడా గుర్తించండి.

ఇక చిక్కుడు పందిరిని దాని మానాన ఉండనివ్వండి. పప్పులు కొనడం భారమైన ఇళ్ళకు అది మాంసకృత్తుల నిధి. దాని వేళ్ళు నేలకు నత్రజనిని కూడా ఇస్తాయి. ఎండు గింజలను చేటలోంచి డబ్బాలోకి ఎత్తిపెడితే చాలు. పందిరీ ఉంటుంది, దాని నీడలో కుక్కా ఉంటుంది. భయం పాదును పీకేస్తుంది, నిర్లక్ష్యం కుక్కను పోగొడుతుంది. తెలుసుకున్నవాడు రెండింటినీ దక్కించుకుంటాడు.